వంశపారంపర్య రక్తస్రావ వ్యాధులు: తీవ్ర ఉపద్రవాల చికిత్స

నిర్వచనం, పరిధి

రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్రొటీన్లలో గాని ప్లేట్‌లెట్లలో గాని జన్యువుల ద్వారా వచ్చిన లోపం వల్ల రక్తస్రావం సకాలంలో ఆగని స్థితిని వంశపారంపర్య రక్తస్రావ వ్యాధి అంటారు. హీమోఫీలియా-ఎ, హీమోఫీలియా-బి, వాన్ విల్లిబ్రాండ్ వ్యాధి వీటిలో ప్రధానమైనవి. ఫైబ్రినోజెన్ లోపం, 5, 7, 10, 11, 13వ ఫ్యాక్టర్ల లోపాలు, ప్లేట్‌లెట్ల పనితీరులో పుట్టుకతో వచ్చే లోపాలు అరుదైనవి.

హీమోఫీలియా ఉన్నవారికి చిన్న గాయమైనా రక్తం ధారగా కారిపోతుందన్న అపోహ జనంలో బలంగా ఉంది. వారికి రక్తం ఇతరులకంటే వేగంగా కారదు, ఎక్కువసేపు కారుతుంది. పైకి కనిపించే గీతలూ గాట్లూ పెద్ద ప్రమాదం కాదు. తల లోపల, గొంతు వెనుక, పొత్తికడుపు కండరాల్లో, కీళ్లలో కంటికి కనపడకుండా జరిగే స్రావమే ప్రాణం మీదికి తెస్తుంది, లేదా అవయవాన్ని పోగొడుతుంది. అటువంటి స్రావాలు, వాటి పర్యవసానాలు, చికిత్స వల్లనే తలెత్తే చిక్కులు ఈ వ్యాసంలో ముఖ్యాంశాలు. గడ్డలు అవసరానికి మించి కట్టే వంశపారంపర్య లోపాల ప్రస్తావన తరువాత ఒక చిన్న భాగంలో ఉంది.

రక్తం గడ్డకట్టే తీరు

రక్తనాళం తెగగానే అది ముడుచుకుంటుంది. తెగిన అంచున బయటపడిన కొల్లాజెన్‌కు వాన్ విల్లిబ్రాండ్ ఫ్యాక్టర్ అనే పొడవాటి ప్రొటీన్ అంటుకుంటుంది. దాన్ని పట్టుకుని ప్లేట్‌లెట్లు పేరుకుని తాత్కాలికమైన బిరడాలా ఏర్పడతాయి. మరోవైపు గాయపడిన కణజాలం నుంచి వచ్చే టిష్యూ ఫ్యాక్టర్, 7వ ఫ్యాక్టర్‌తో కలిసి కొద్దిపాటి థ్రాంబిన్‌ను పుట్టిస్తుంది. ఈ కొద్దిపాటి థ్రాంబిన్ సరిపోదు. ప్లేట్‌లెట్ల ఉపరితలం మీద 8, 9వ ఫ్యాక్టర్లు జతకట్టి 10వ ఫ్యాక్టర్‌ను పెద్ద ఎత్తున చైతన్యపరిచినప్పుడే థ్రాంబిన్ కావలసినంత తయారవుతుంది. అది ఫైబ్రినోజెన్‌ను ఫైబ్రిన్ పోగులుగా మారుస్తుంది. ఆ పోగులను 13వ ఫ్యాక్టర్ అడ్డంగా కుట్టినట్టు బిగిస్తుంది.

ఈ వరుసలో ఏ మెట్టు లోపించిందన్న దాన్నిబట్టి స్రావం స్వభావం మారుతుంది. 8 లేదా 9వ ఫ్యాక్టర్ లేనివారిలో ప్లేట్‌లెట్ల బిరడా మామూలుగానే పడుతుంది కాబట్టి పైపై గీతల నుంచి కారే రక్తం ఆగుతుంది. ఫైబ్రిన్ వల మాత్రం బలహీనంగా ఉండి కొన్ని గంటలకు విడిపోతుంది. పొద్దున పన్ను పీకినప్పుడు ఆగిన రక్తం సాయంత్రం మళ్లీ మొదలవడం ఇందుకే. ప్లేట్‌లెట్ల లోపంలోను, వాన్ విల్లిబ్రాండ్ వ్యాధిలోను ముక్కు, చిగుళ్లు, పేగులు, గర్భాశయం వంటి మృదువైన పొరల నుంచి స్రావం ఎక్కువ. 13వ ఫ్యాక్టర్ లోపంలో గడ్డ సమయానికే కడుతుంది, తరువాత కరిగిపోతుంది. అందుకే గడ్డకట్టే సమయం కొలవడానికి మామూలుగా చేసే పీటీ, ఏపీటీటీ పరీక్షలు రెండూ అందులో సవ్యంగా వస్తాయి. ఆ ఫలితం చూసి లోపమేమీ లేదని పంపేసే ప్రమాదం ఉంది.

రకాలు, తీవ్రత

హీమోఫీలియా-ఎ అంటే 8వ ఫ్యాక్టర్ లోపం. సుమారు 5,000 మగ శిశువుల్లో ఒకరికి వస్తుంది. హీమోఫీలియా-బి అంటే 9వ ఫ్యాక్టర్ లోపం, సుమారు 30,000 మగ శిశువుల్లో ఒకరికి. ఈ రెండు జన్యువులూ ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉన్నందున వ్యాధి మగవారిలో బయటపడుతుంది, స్త్రీలు వాహకులవుతారు. అయితే వాహకుల్లో కొందరికి ఫ్యాక్టర్ 40 శాతం కంటే తక్కువగా ఉండి కాన్పులోను, శస్త్రచికిత్సలోను స్రావం అవుతుంది. వాహకురాలికి ఏ బాధా ఉండదన్న పాత అభిప్రాయం సరికాదు. దాదాపు మూడో వంతు కేసుల్లో కుటుంబ చరిత్ర ఉండదు, ఆ తరంలోనే కొత్తగా జన్యుమార్పు జరుగుతుంది.

ఫ్యాక్టర్ 1 శాతం కంటే తక్కువైతే తీవ్రం, 1 నుంచి 5 శాతం ఉంటే మధ్యస్థం, 5 నుంచి 40 శాతం ఉంటే స్వల్పం. తీవ్ర రకంలో దెబ్బ తగలకుండానే స్రావం అవుతుంది. స్వల్ప రకం మరో విధంగా ప్రమాదకరం. వ్యాధి ఉందని ఎవరికీ తెలియకుండా పెరిగిన మనిషిలో అది రోడ్డు ప్రమాదంలోనో ఆపరేషన్ బల్ల మీదో మొదటిసారి బయటపడుతుంది.

చరిత్ర

సున్తీ తరువాత ఇద్దరు అన్నలు రక్తస్రావంతో చనిపోతే మూడో బిడ్డకు సున్తీ మినహాయించాలన్న నియమం క్రీ.శ. 2వ శతాబ్దపు యూదు ధర్మవిధుల్లోనే ఉంది. 1803లో ఫిలడెల్ఫియా వైద్యుడు జాన్ కాన్రాడ్ ఓటో, కుటుంబంలో మగవారికే వచ్చి ఆడవారి ద్వారా సంక్రమించే స్రావ వ్యాధిని వర్ణించాడు. విక్టోరియా రాణి సంతతి ద్వారా ఐరోపా రాజకుటుంబాలకు పాకిన వ్యాధి హీమోఫీలియా-బి అని రష్యా రాజకుటుంబ అవశేషాల డీఎన్ఏ పరీక్షతో 2009లో తేలింది. 1952లో 9వ ఫ్యాక్టర్ లోపాన్ని వేరే వ్యాధిగా గుర్తించి, స్టీఫెన్ క్రిస్మస్ అనే బాల రోగి పేరుతో క్రిస్మస్ వ్యాధి అన్నారు.

1960ల దాకా చికిత్స అంటే రక్తం, ప్లాస్మా ఎక్కించడమే. కావలసినంత 8వ ఫ్యాక్టర్ అందాలంటే గుండె తట్టుకోలేనంత ప్లాస్మా అవసరమయ్యేది. చలికి ఘనీభవించిన ప్లాస్మాను నెమ్మదిగా కరిగిస్తే అడుగున మిగిలే పదార్థంలో 8వ ఫ్యాక్టర్ చిక్కగా ఉంటుందని స్టాన్‌ఫర్డ్‌లో జుడిత్ పూల్ బృందం 1964లో ప్రకటించింది. అదే క్రయోప్రెసిపిటేట్. మామూలు రక్తనిధిలోనే తయారు చేసుకోగలగడంతో పెద్ద ఆపరేషన్లు సాధ్యమయ్యాయి. 1970లలో వేలాది దాతల ప్లాస్మా కలిపి తీసిన పొడి ఫ్యాక్టర్ వచ్చి, ఇంట్లోనే ఇంజెక్షన్ తీసుకునే వీలు కలిగింది.

ఆ వేలాది దాతల ప్లాస్మాతోనే హెచ్ఐవీ, హెపటైటిస్-సి వైరస్‌లు కూడా వచ్చాయి. అమెరికాలో హీమోఫీలియా ఉన్నవారిలో సుమారు సగం మందికి హెచ్ఐవీ సోకింది. ప్రాణం నిలబెట్టడానికి ఎక్కించుకున్న మందే ఒక తరాన్ని బలి తీసుకుంది. 1985 ప్రాంతంలో వేడితో వైరస్‌లను చంపే పద్ధతి అమలయ్యాక ఈ వ్యాప్తి ఆగింది. బ్రిటన్‌లో దీనిపై జరిగిన బహిరంగ విచారణ నివేదిక 2024 మేలో గాని వెలువడలేదు. 1984లో 8వ ఫ్యాక్టర్ జన్యువును వేరుచేశారు, 1992లో దాతల రక్తంతో పనిలేని రీకాంబినెంట్ ఫ్యాక్టర్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది.

అత్యవసర చికిత్స: మొదటి సూత్రం

ప్రాణాపాయ స్రావం అనుమానం వస్తే ముందు ఫ్యాక్టర్, తరువాత పరీక్షలు. ఈ క్రమం తారుమారు కాకూడదు. తలకు దెబ్బ తగిలిన హీమోఫీలియా పిల్లవాడిని ఆసుపత్రికి తెస్తే, స్కాన్ కోసం వరుసలో కూర్చోబెట్టి ఫలితం వచ్చాక మందు ఎక్కించడం తరచూ జరిగే పొరపాటు. ఆ రెండు మూడు గంటల్లో పుర్రె లోపల రక్తం పెరుగుతూనే ఉంటుంది. అనవసరంగా ఒక డోసు ఫ్యాక్టర్ పడినా పిల్లవాడికి సాధారణంగా నష్టం లేదు. ఇంట్లో ఎప్పుడూ ఫ్యాక్టర్ వాడే తల్లిదండ్రులు "ముందు ఫ్యాక్టర్ ఎక్కించండి" అని అడిగితే దాన్ని వైద్య సమాచారంగా తీసుకోవాలి, ఆందోళన అని కొట్టేయకూడదు.

మోతాదు లెక్క ఇలా ఉంటుంది. శరీర బరువులో కిలోకు 1 యూనిట్ 8వ ఫ్యాక్టర్ ఇస్తే రక్తంలో దాని స్థాయి సుమారు 2 శాతం పెరుగుతుంది. 9వ ఫ్యాక్టర్ అయితే సుమారు 1 శాతం. 20 కిలోల పిల్లవాడికి 8వ ఫ్యాక్టర్‌ను సున్నా నుంచి 100 శాతానికి తేవాలంటే కిలోకు 50 చొప్పున 1,000 యూనిట్లు కావాలి. అదే బరువు ఉన్న హీమోఫీలియా-బి పిల్లవాడికి 80 శాతం లక్ష్యమైతే 1,600 యూనిట్లు. 8వ ఫ్యాక్టర్ 8 నుంచి 12 గంటల్లో, 9వ ఫ్యాక్టర్ 18 నుంచి 24 గంటల్లో సగానికి తగ్గుతుంది. అందువల్ల మొదటి డోసుతో పని అయిపోదు. గడువు ప్రకారం మళ్లీ మళ్లీ ఇవ్వాలి.

ఆస్పిరిన్, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు ప్లేట్‌లెట్లను అడ్డుకుంటాయి కాబట్టి వాడకూడదు. పారాసెటమాల్ వాడవచ్చు. కండరంలోకి సూది మందు ఇవ్వకూడదు. నడుములోంచి వెన్నునీరు తీయడం, దవడకు మత్తు సూది వేయడం వంటివి ఫ్యాక్టర్ ఇచ్చాకే చేయాలి.

తల లోపలి స్రావం

హీమోఫీలియాలో రక్తస్రావం వల్ల కలిగే మరణాలకు ఇదే ప్రధాన కారణం. కాన్పులో పట్టకారు, వాక్యూమ్ వాడినప్పుడు నవజాత శిశువుల్లోను, రక్తపోటు ఉన్న పెద్దవారిలోను ముప్పు ఎక్కువ. తలనొప్పి, వాంతులు, మగతగా ఉండటం, మూర్ఛ, పాలు తాగకపోవడం లక్షణాలు. దెబ్బ తగిలిన వెంటనే ఏమీ కనిపించక మర్నాడో మూడోనాడో బయటపడవచ్చు. బొప్పి చిన్నదే కదా అని ఊరుకోకూడదు.

ప్రపంచ హీమోఫీలియా సమాఖ్య మార్గదర్శకాల ప్రకారం వనరులు ఉన్నచోట 8వ ఫ్యాక్టర్‌ను మొదటి వారం 80 నుంచి 100 శాతం, తరువాత 21వ రోజు దాకా సుమారు 50 శాతం ఉంచాలి. హీమోఫీలియా-బిలో లక్ష్యం మొదట 60 నుంచి 80, తరువాత 30 శాతం. ఒకసారి తలలో స్రావమైనవారికి మళ్లీ అయ్యే అవకాశం ఎక్కువ కాబట్టి దీర్ఘకాలం ముందస్తు చికిత్స కొనసాగిస్తారు.

గొంతు, మెడ, కడుపు

నాలుక కొరుక్కున్నా, టాన్సిల్స్ వాచినా, దంతం పీకినా మెడ మెత్తటి పొరల్లోకి రక్తం దిగి శ్వాసనాళాన్ని నొక్కవచ్చు. గొంతు మారడం, మింగలేకపోవడం కనిపించగానే తలలో స్రావానికి ఇచ్చే స్థాయిలోనే ఫ్యాక్టర్ ఇచ్చి, శ్వాసనాళాన్ని కాపాడే ఏర్పాట్లు చేయాలి. కడుపులో, పేగుల్లో స్రావమైతే ఫ్యాక్టర్‌తో పాటు ఎండోస్కోపీతో మూలాన్ని వెతకాలి. మూత్రంలో రక్తం పడితే నీరు ఎక్కువగా ఇస్తారు. గడ్డ కరగకుండా చూసే ట్రనెక్సామిక్ ఆమ్లం మాత్రం ఇవ్వరు, ఎందుకంటే మూత్రనాళంలో గడ్డలు కట్టి దారి మూసుకుపోవచ్చు.

ఇలియోసోయాస్ కండరంలో స్రావం

నడుము నుంచి గజ్జ మీదుగా తొడకు దిగే ఈ కండరంలో లీటరుకు పైగా రక్తం చేరినా బయటికి ఏమీ కనబడదు. యువకుడు ఒక పక్కన నొప్పి అంటూ తొడను కడుపు వైపు ముడుచుకుని పడుకుంటాడు. కాలు చాచమంటే నడుము విల్లులా పైకి లేస్తుంది గాని తొడ చాచలేడు. తుంటి కీలును లోపలికీ బయటికీ తిప్పితే మాత్రం పెద్దగా నొప్పి ఉండదు, కీలులో స్రావానికీ దీనికీ తేడా అక్కడ తెలుస్తుంది. తొడ ముందు భాగం మొద్దుబారితే ఫెమోరల్ నరం నొక్కుకుపోయిందని అర్థం. కుడివైపు అయితే అపెండిసైటిస్ అనుకుని ఫ్యాక్టర్ ఇవ్వకుండానే కడుపు కోసిన సందర్భాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. అల్ట్రాసౌండ్‌తో నిర్ధారణ అవుతుంది. మొదటి రెండు రోజులు 80 నుంచి 100 శాతం, ఆపై 30 నుంచి 60 శాతం స్థాయి ఉంచి, పూర్తి విశ్రాంతి ఇస్తారు. నొప్పి తగ్గగానే నడిపిస్తే స్రావం తిరగబెడుతుంది.

కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్, సూడోట్యూమర్

ముంజేతిలో, పిక్కలో బిగువైన పొరల మధ్య రక్తం చేరితే లోపలి ఒత్తిడి పెరిగి నరాలకు, కండరాలకు రక్తం అందదు. వేళ్లు చాచినప్పుడు భరించలేని నొప్పి, తిమ్మిరి తొలి సూచనలు. కొన్ని గంటలు దాటితే కండరం చచ్చి, చెయ్యి శాశ్వతంగా ముడుచుకుపోతుంది. వెంటనే ఫ్యాక్టర్ ఇస్తే చాలాసార్లు కోతతో పని ఉండదు. తగ్గకపోతే ఫ్యాక్టర్ రక్షణలో పొరను చీల్చి ఒత్తిడి తీస్తారు.

చాలినంత చికిత్స అందని స్రావం ఎముకలోనో కండరంలోనో ఏళ్ల తరబడి పేరుకుని, చుట్టూ గోడ కట్టుకుని కణితిలా పెరుగుతుంది. దాన్ని సూడోట్యూమర్ అంటారు. తొడ ఎముక, కటి భాగం దీనికి ఎక్కువగా లోనవుతాయి. కేన్సర్ అనుమానంతో సూదితో గుచ్చి ముక్క తీయడం ప్రమాదకరం: లోపల ఒత్తిడితో ఉన్న రక్తం ఆగకుండా కారుతుంది, పుండు పడి చీము పడుతుంది. దీర్ఘకాల ఫ్యాక్టర్, రక్తనాళాన్ని మూసే ఎంబొలైజేషన్, శస్త్రచికిత్స, కొన్ని చోట్ల రేడియేషన్ చికిత్సా మార్గాలు. ఆపరేషన్ అనుభవం ఉన్న కేంద్రంలోనే జరగాలి.

కీళ్ల ఉపద్రవాలు

మోకాలు, మోచేయి, చీలమండ కీళ్లలో స్రావం హీమోఫీలియాలో అన్నిటికంటే తరచుగా జరిగేది. వాపు కనిపించక ముందే కీలులో గిలిగింత పెట్టినట్టు, లోపల బుడగలు లేచినట్టు ఉంటుందని పెద్ద పిల్లలు చెబుతారు. మందు ఎక్కించడానికి సరైన సమయం అదే. కీలులో చేరిన రక్తంలోని ఇనుము లోపలి పొరను రేపుతుంది. పొర దళసరెక్కి, కొత్త రక్తనాళాలు పుట్టి, అవి సులభంగా చిట్లి మళ్లీ స్రావం అవుతుంది. ఆరు నెలల్లో ఒకే కీలులో మూడు లేదా అంతకు మించి దానంతటది స్రావమైతే దాన్ని టార్గెట్ జాయింట్ అంటారు. మృదులాస్థి అరిగి ఎముకలు ఒకదానికొకటి రాసుకునే దశకు చేరితే దాన్ని ఫ్యాక్టర్‌తో వెనక్కి తేలేం.

తొలి దశలో ఫ్యాక్టర్, విశ్రాంతి, కొద్దిసేపు ఐస్, తరువాత ఫిజియోథెరపీ. పొర వాపు తగ్గకపోతే కీలులోకి యిట్రియం-90 వంటి రేడియోధార్మిక పదార్థం ఎక్కించి పొరను ఎండగడతారు. చివరి దశలో కీలు మార్పిడి.

ఈ దశ రాకుండా చూడవచ్చు. స్వీడన్‌లోని మాల్మోలో 1958 నుంచే స్రావం కాకముందే క్రమంగా ఫ్యాక్టర్ ఇచ్చే ముందస్తు చికిత్స మొదలైంది. 2007లో అమెరికా వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలో ముందస్తు చికిత్స పొందిన బాలల్లో 93 శాతం మందికి ఆరేళ్ల వయసులో కీళ్లు ఎంఆర్ఐలో సవ్యంగా ఉన్నాయి. స్రావమైనప్పుడే చికిత్స పొందినవారిలో ఆ సంఖ్య 55 శాతం. మందు కొరత ఉన్న దేశాల్లో తక్కువ మోతాదు ముందస్తు చికిత్స కూడా, అవసరమైనప్పుడే ఇచ్చే పద్ధతి కంటే మేలని తేలింది.

ఇన్హిబిటర్లు

ఈ వ్యాధి చికిత్సలో అన్నిటికంటే కష్టమైన ఉపద్రవం చికిత్స నుంచే పుడుతుంది. పుట్టుకతో 8వ ఫ్యాక్టర్ ఎరుగని శరీరం, బయటి నుంచి వచ్చిన ఫ్యాక్టర్‌ను పరాయి పదార్థంగా భావించి ప్రతిరక్షకాలను తయారు చేస్తుంది. అవి ఎక్కించిన ఫ్యాక్టర్‌ను పనిచేయనివ్వవు. వీటినే ఇన్హిబిటర్లంటారు. తీవ్ర హీమోఫీలియా-ఎ ఉన్నవారిలో 25 నుంచి 30 శాతం మందికి, ఎక్కువగా మొదటి 20 డోసుల లోపలే ఇవి వస్తాయి. హీమోఫీలియా-బిలో 5 శాతం లోపే. కాని బిలో వచ్చినప్పుడు ఫ్యాక్టర్ పడగానే ప్రాణాంతక అలర్జీ రావచ్చు. అందుకే హీమోఫీలియా-బి శిశువుకు తొలి డోసులు ఆసుపత్రిలోనే ఇవ్వడం మంచిది. 8వ ఫ్యాక్టర్ జన్యువులో పెద్ద మార్పులు ఉండటం, అన్నదమ్ములకు ఇన్హిబిటర్ ఉండటం ముప్పును పెంచుతాయి.

ఎప్పుడూ ఒక డోసుతో తగ్గే మోకాలి వాపు ఈసారి మూడు డోసులకూ తగ్గలేదంటే ఇన్హిబిటర్‌ను అనుమానించాలి. రోగి ప్లాస్మాను మామూలు ప్లాస్మాతో కలిపి 37 డిగ్రీల వద్ద రెండు గంటలు ఉంచి, ఎంత 8వ ఫ్యాక్టర్ మిగిలిందో చూస్తారు. సగం మిగిలితే ఇన్హిబిటర్ 1 బెథెస్డా యూనిట్. ఎన్నడూ 5 యూనిట్లు దాటనివారిని తక్కువ ప్రతిస్పందన గలవారంటారు. వారికి ఫ్యాక్టర్‌నే ఎక్కువ మోతాదులో ఇచ్చి నెగ్గుకురావచ్చు. 5 దాటినవారికి మళ్లీ ఫ్యాక్టర్ పడితే వారం లోపే ప్రతిరక్షకాలు ఒక్కసారిగా పెరుగుతాయి. వారికి 8వ ఫ్యాక్టర్ మెట్టును తప్పించే మందులు కావాలి.

అటువంటి మందులు రెండు. రీకాంబినెంట్ 7ఏ ఫ్యాక్టర్ చైతన్యం పొందిన ప్లేట్‌లెట్ల మీద నేరుగా 10వ ఫ్యాక్టర్‌ను మేల్కొలుపుతుంది. కిలోకు 90 మైక్రోగ్రాముల చొప్పున రెండు మూడు గంటలకొకసారి, లేదా కొన్ని స్రావాలకు ఒకేసారి 270 మైక్రోగ్రాములు ఇస్తారు. రెండోది ప్లాస్మా నుంచి తీసే యాక్టివేటెడ్ ప్రోథ్రాంబిన్ కాంప్లెక్స్: కిలోకు 50 నుంచి 100 యూనిట్లు, 8 నుంచి 12 గంటలకొకసారి, రోజుకు 200 దాటకూడదు. ఇందులో 9వ ఫ్యాక్టర్ ఉన్నందున హీమోఫీలియా-బి అలర్జీ ఉన్నవారికి పనికిరాదు. ఈ మందుల ప్రభావాన్ని నమ్మకంగా కొలిచే రక్త పరీక్ష లేదు. వాపు కొలత, నొప్పి, హిమోగ్లోబిన్ గమనిస్తూ మంచం పక్కనే ఉండి నిర్ణయించుకోవలసిందే. ఒకరికి పనిచేసినది మరొకరికి పనిచేయకపోవచ్చు. ఒకే మనిషిలోనూ ఈ వారం పనిచేసినది వచ్చే వారం చేయకపోవచ్చు.

ఇన్హిబిటర్‌ను పూర్తిగా తొలగించే దారి ఇమ్యూన్ టాలరెన్స్ ఇండక్షన్. రోగనిరోధక వ్యవస్థ అలవాటు పడేదాకా నెలలు, ఏళ్ల తరబడి ఫ్యాక్టర్ ఇస్తూ పోవడమే దీని సారం. 1970లలో జర్మనీలోని బాన్ నగరంలో దీన్ని ప్రారంభించారు. రోజుకు కిలోకు 200 యూనిట్లు, వారానికి మూడుసార్లు 50 యూనిట్లు అనే రెండు పద్ధతులను పోల్చిన అంతర్జాతీయ అధ్యయనం 2012లో వెలువడింది. చివరికి రెండింటా ఒకే మాదిరి ఫలితం వచ్చింది, కాని తక్కువ మోతాదు వర్గంలో మధ్యలో స్రావాలు ఎక్కువయ్యాయి. మూడింట రెండు వంతుల మందిలో ఈ చికిత్స ఫలిస్తుంది. ఖర్చు దృష్ట్యా పేద కుటుంబాలకు ఇది అందుబాటులో లేదు.

ఎమిసిజుమాబ్ ఈ పరిస్థితిని మార్చింది. ఇది 9ఏ, 10వ ఫ్యాక్టర్లను చెరో చేత్తో పట్టుకుని దగ్గరకు చేర్చే ప్రతిరక్షకం. అంటే 8వ ఫ్యాక్టర్ చేసే పనిని వేరే ఆకారంతో చేస్తుంది, కాబట్టి ఇన్హిబిటర్ దాన్ని గుర్తుపట్టదు. చర్మం కింద ఇస్తారు, నరం వెతకనక్కర్లేదు. మొదటి నాలుగు వారాలు కిలోకు 3 మిల్లీగ్రాములు, తరువాత వారానికో రెండు వారాలకో నాలుగు వారాలకో ఒకసారి. 2017లో ప్రచురితమైన ప్రయోగంలో ఇన్హిబిటర్ ఉన్నవారికి స్రావాలు, ముందస్తు చికిత్స లేనివారితో పోలిస్తే 87 శాతం తగ్గాయి. ఇది నివారణ మందు, జరుగుతున్న స్రావాన్ని ఆపేది కాదు. ఇన్హిబిటర్ ఉండి ఇది వాడేవారికి స్రావమైతే 7ఏ ఫ్యాక్టర్ ఇవ్వాలి. దీనితో పాటు ప్రోథ్రాంబిన్ కాంప్లెక్స్ రోజుకు కిలోకు 100 యూనిట్లు దాటి ఇచ్చినప్పుడు చిన్న రక్తనాళాల్లో గడ్డలు కట్టి ప్రాణాపాయం కలిగింది. పైగా ఎమిసిజుమాబ్ తీసుకునేవారి ఏపీటీటీ సవ్యంగా కనిపిస్తుంది. అత్యవసర విభాగం వైద్యుడు ఆ ఫలితాన్ని నమ్మకూడదు.

వాన్ విల్లిబ్రాండ్ వ్యాధి

బాల్టిక్ సముద్రంలోని ఓలాండ్ దీవుల నుంచి ఐదేళ్ల బాలికను తెచ్చినప్పుడు ఫిన్లాండ్ వైద్యుడు ఎరిక్ వాన్ విల్లిబ్రాండ్ ఈ వ్యాధిని గుర్తించి 1926లో వర్ణించాడు. ఆ బాలిక పదమూడేళ్లకు, నాలుగో నెలసరిలో రక్తస్రావంతో మరణించింది. ఆడపిల్లల్లో ఈ వ్యాధి ఎక్కడ విరుచుకుపడుతుందో ఆ తొలి రోగి చరిత్రలోనే ఉంది. రజస్వల అయిన కొత్తలో రోజుల తరబడి స్రావమై రక్తహీనతతో వచ్చే ఆడపిల్లకు ఇనుము మాత్రలు ఇచ్చి పంపేయకుండా ఈ వ్యాధికి పరీక్ష చేయించాలి.

మొదటి రకంలో ఫ్యాక్టర్ తగ్గుతుంది, రెండో రకంలో లోపభూయిష్ఠంగా ఉంటుంది, మూడో రకంలో దాదాపు ఉండదు. మొదటి రకానికి డెస్మోప్రెసిన్ పనిచేస్తుంది. ఇటలీ వైద్యుడు మానుచ్చి బృందం 1977లో చూపిన ఈ మందు, రక్తనాళాల గోడల్లో నిల్వ ఉన్న ఫ్యాక్టర్‌ను బయటికి వదిలిస్తుంది. మోతాదు కిలోకు 0.3 మైక్రోగ్రాములు. నీరు శరీరంలో నిలిచి సోడియం తగ్గుతుంది కాబట్టి తాగే నీటిపై అదుపు ఉండాలి, చిన్నపిల్లల్లో ఇంకా జాగ్రత్త. మూడో రకానికి పనిచేయదు, 2బి రకంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయని వాడరు. వీరికి వాన్ విల్లిబ్రాండ్ ఫ్యాక్టర్ ఉన్న మందు కావాలి. ట్రనెక్సామిక్ ఆమ్లం తోడుగా ఇస్తారు. జపాన్‌కు చెందిన ఉతాకో ఒకమోతో, ఆమె భర్త 1960ల తొలినాళ్లలో కనుగొన్న ఈ చౌక మందు నోటి, ముక్కు, గర్భాశయ స్రావాల్లో ఎంతో పనికొస్తుంది. గర్భిణుల్లో ఫ్యాక్టర్ సహజంగా పెరిగి, కాన్పు తరువాత కొద్ది రోజుల్లో తగ్గుతుంది. అందుకే బాలింతకు స్రావం కాన్పు నాటికంటే వారం, పది రోజుల తరువాత రావచ్చు.

అరుదైన లోపాలు, మేనరికం

అరుదైన లోపాలు చాలావరకు తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ లోప జన్యువు వచ్చినప్పుడు కలుగుతాయి. మేనమామనో, మేనత్త కొడుకునో చేసుకునే ఆచారం ఉన్న ఆంధ్ర, తెలంగాణ, తమిళనాడు, కర్ణాటక ప్రాంతాల్లో వీటికి అవకాశం ఎక్కువ. బొడ్డు ఊడిన చోట రోజుల తరబడి రక్తం ఊరడం 13వ ఫ్యాక్టర్ లోపానికి పెట్టింది పేరు. చికిత్స లేకపోతే వీరిలో ముగ్గురిలో ఒకరికి దాకా తలలో స్రావమవుతుంది. 5 మోలార్ యూరియా ద్రావణంలో గడ్డ కరుగుతుందేమో చూసే సులభమైన పరీక్ష ఉంది. ఈ ఫ్యాక్టర్ రక్తంలో 9 నుంచి 14 రోజుల్లో సగమవుతుంది కాబట్టి నెలకొకసారి ఇస్తే చాలు. మందు దొరకని చోట క్రయోప్రెసిపిటేట్ ఇచ్చినా పిల్లవాడు మామూలు జీవితం గడపగలడు. ఇంత తేలికైన నివారణ ఉన్న ప్రాణాంతక లోపం ఈ వ్యాధుల్లో మరొకటి లేదు.

ఫైబ్రినోజెన్ లేనివారికి క్రయోప్రెసిపిటేట్ లేదా ఫైబ్రినోజెన్ కాన్సెంట్రేట్ ఇస్తారు. గ్లాంజ్‌మన్ వ్యాధిలో ప్లేట్‌లెట్లు ఉన్నా ఒకదానికొకటి అంటుకోవు. తీవ్ర స్రావానికి ప్లేట్‌లెట్లు ఎక్కించాలి. పదేపదే ఎక్కిస్తే ప్రతిరక్షకాలు పుట్టి పనిచేయడం మానేస్తాయి, అప్పుడు 7ఏ ఫ్యాక్టర్ ఆధారం.

గడ్డలు ఎక్కువగా కట్టే లోపాలు

యాంటీథ్రాంబిన్, ప్రొటీన్-సి, ప్రొటీన్-ఎస్ అనేవి గడ్డ అదుపు తప్పకుండా చూసే ప్రొటీన్లు. ఇవి లోపిస్తే కాళ్ల సిరల్లో, ఊపిరితిత్తుల్లో గడ్డలు కడతాయి. యాంటీథ్రాంబిన్ లోపంలో హెపారిన్ సరిగా పనిచేయదు, ఎందుకంటే ఆ మందు యాంటీథ్రాంబిన్ ద్వారానే పనిచేస్తుంది. అప్పుడు యాంటీథ్రాంబిన్ కూడా ఇవ్వాలి. రెండు జన్యువులూ చెడి ప్రొటీన్-సి పూర్తిగా లేని శిశువుకు పుట్టిన గంటల్లోనే చర్మం నల్లగా కమిలి చచ్చుబడుతుంది. దీన్ని పర్ప్యూరా ఫల్మినన్స్ అంటారు. తాజా ప్లాస్మా గాని ప్రొటీన్-సి కాన్సెంట్రేట్ గాని వెంటనే ఇవ్వాలి. ప్రొటీన్-సి లోపం ఉన్న పెద్దవారికి హెపారిన్ రక్షణ లేకుండా వార్ఫరిన్ మొదలుపెడితే కూడా చర్మం చచ్చుబడే ప్రమాదం ఉంది.

కొత్త మందులు, జన్యుచికిత్స

గడ్డకట్టే ప్రొటీన్లను పెంచకుండా, దాన్ని ఆపే ప్రొటీన్లను తగ్గించడం కొత్త ఆలోచన. మార్స్‌టాసిమాబ్, కాన్సిజుమాబ్ టిష్యూ ఫ్యాక్టర్ నిరోధకాన్ని అడ్డుకుంటాయి, ఫిటుసిరాన్ కాలేయంలో యాంటీథ్రాంబిన్ తయారీని తగ్గిస్తుంది. మూడింటికీ 2024, 2025లలో అమెరికాలో అనుమతి లభించింది. తరాజు రెండో వైపు ఒరిగి అవాంఛిత గడ్డలు కట్టే ముప్పు వీటితో ఉంటుంది.

జన్యుచికిత్సలో హీమోఫీలియా-బికి ఎట్రానాకోజీన్ 2022లోను, హీమోఫీలియా-ఎకు వాలోక్టోకోజీన్ 2023లోను అమెరికాలో అనుమతి పొందాయి. నిరపాయకరమైన వైరస్ ద్వారా జన్యువును కాలేయానికి పంపుతారు. మొదటిదాని ధర 35 లక్షల డాలర్లు. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో అలోక్ శ్రీవాస్తవ బృందం వేరే దారి పట్టింది. రోగి సొంత మూలకణాలను బయటికి తీసి, లెంటీవైరస్‌తో 8వ ఫ్యాక్టర్ జన్యువు చేర్చి తిరిగి ఎక్కించారు. 2024 డిసెంబరులో వెలువడిన ఫలితాల ప్రకారం ఐదుగురు రోగుల్లో, మొత్తం కలిపి 81 నెలల పరిశీలనలో, ఒక్క స్రావమూ నమోదు కాలేదు. చిత్తూరు, నెల్లూరు జిల్లాల రోగులు రక్తవ్యాధుల కోసం ఏనాటి నుంచో వెళుతున్న ఆసుపత్రి అది.

భారతదేశంలో ఏర్పాట్లు

భారత హీమోఫీలియా సమాఖ్య 1983లో ఢిల్లీలో ఏర్పడింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం హీమోఫీలియాను వైకల్యాల జాబితాలో చేర్చింది. చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ ఆసుపత్రులు ఫ్యాక్టర్‌ను ఉచితంగా ఇస్తున్నాయి, ఆంధ్రప్రదేశ్ తీవ్ర హీమోఫీలియా ఉన్నవారికి నెలవారీ పెన్షన్ ఇస్తోంది. అయితే జిల్లా ఆసుపత్రిలో అర్ధరాత్రి ఫ్యాక్టర్ ఉందా, ఉంటే దాన్ని తీసిచ్చే తాళం ఎవరి దగ్గర ఉందన్నది చట్టం కంటే ముందు తేలవలసిన విషయం.

వాహకుల గుర్తింపు, గర్భస్థ శిశువు నిర్ధారణ ముంబయిలోని జాతీయ ఇమ్యునో హెమటాలజీ సంస్థ వంటి చోట్ల జరుగుతాయి. 11 వారాల తరువాత మావి నుంచి కణజాలం తీసి పరీక్షిస్తారు. లింగ నిర్ధారణను నిషేధించిన 1994 చట్టం, లింగ సంబంధ జన్యువ్యాధుల నిర్ధారణకు మినహాయింపు ఇచ్చింది. నమోదైన కేంద్రంలో నియమాల ప్రకారం మాత్రమే చేయాలి.

రోగి దగ్గర ఎప్పుడూ ఉండవలసిన కార్డులో వ్యాధి పేరు, ఫ్యాక్టర్ శాతం, ఇన్హిబిటర్ ఉందా లేదా, ఎమిసిజుమాబ్ వాడుతున్నాడా, బరువు, ప్రాణాపాయంలో ఇవ్వవలసిన యూనిట్లు, చూసే వైద్యుడి ఫోన్ నంబరు రాసి ఉండాలి. పిల్లల బరువు పెరిగేకొద్దీ ఆ యూనిట్ల అంకెను మార్చాలి.